శనివారం పిల్లలకి గ్రామర్ పాటలు

అందరికీ నమస్కారం!

ఈ శనివారం ఉదయం 10 గంటలకి మన క్లబ్‌హౌస్‌లో పిల్లలకి 'స్కూల్‌హౌస్ రాక్' పాటలు వేస్తున్నాం, పాఠాలు నేర్పే చిన్న చిన్న కార్టూన్ పాటలివి. 1973 నుంచి ఏబీసీ ఛానల్‌లో శనివారం పొద్దున కార్టూన్ల మధ్య వచ్చేవి, ఒక్కోటి మూడు నిమిషాలు. మనలో అమెరికాలోనే పెరిగిన చాలామందికి ఇవి నోటికి వచ్చు. ఇండియాలో చదువుకుని వచ్చినవాళ్లు కూడా తప్పకుండా రండి, పిల్లలతో పాటు మీకూ నచ్చుతాయి.

ముందు 'కంజంక్షన్ జంక్షన్', అంటే వాక్యాల్ని, మాటల్ని కలిపే పదాల (కంజంక్షన్ల) పాట. రైల్వే యార్డులో కండక్టర్ పెట్టెల మధ్య అండ్, బట్, ఆర్ అని రాసినవి తగిలిస్తూ పాడతాడు. జాక్ షెల్డన్ గొంతు ఎంత బాగుంటుందో! వాక్యాలు ఎలా కలుస్తాయో కళ్ల ముందే కనిపిస్తుంది. వర్క్‌షీట్లు ఎన్ని చేయించినా ఇంత బాగా ఎక్కదని నా నమ్మకం. ఎక్కాలు గుర్తుండని కొడుక్కి రాక్ పాటలు మాత్రం కంఠతా రావడం చూసి, యాడ్ ఏజెన్సీ నడిపే డేవిడ్ మెకాల్‌కి పాఠాల్ని ఇలా పాటలుగా చేయాలన్న ఆలోచన వచ్చిందట.

తర్వాత పిల్లలతో రైలు ఆడిద్దాం. ఇంటికొక ఖాళీ అట్టపెట్టె, లావు మార్కర్ తెండి.

మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి ఇక్కడ రాయండి, అది కూడా వేస్తాం. అమ్మానాన్నలు గొంతు కలపాలి మరి!

ఎంతమంది పిల్లలు వస్తున్నారో గురువారం రాత్రిలోగా చెప్పండి, స్నాక్స్ ఆర్డర్ ఇవ్వాలి. నట్స్ పడని పిల్లలుంటే ఇప్పుడే చెప్పండి, ప్లీజ్.