హైదరాబాద్–డాలస్ ప్రయాణం 16 గంటలు కాదు, మీ పేజీ సరిచేయండి

కస్టమర్ కేర్ వారికి,

మీ సైట్‌లో హైదరాబాద్–డాలస్ పేజీ తెరవగానే పెద్ద అక్షరాలతో "దూరం 14,400 కి.మీ., ప్రయాణ సమయం 16 గంటలు" అని కనిపిస్తుంది. పదహారు గంటల్లో డాలస్ చేర్చే ఫ్లైట్ ఏదో చెప్పండి. శంషాబాద్ నుంచి అక్కడికి నేరుగా వెళ్లే విమానమే లేదు, మీరు మాకు అమ్మిన టికెట్ కూడా దుబాయ్ మీదుగానే. దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల వెయిటింగ్, అక్కడి నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు. మొత్తం ప్రయాణానికి మీరు చెప్పిన టైము ఆ రెండో ఫ్లైట్‌కే సరిపోయింది!

మీ లెక్క ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి దారిని గంటకు 900 కిలోమీటర్లతో భాగించేశారు. దుబాయ్ మీదుగా వెళ్తే దూరమే 15,400 దాటుతుంది. తిరుగు ప్రయాణం పేజీలోనూ అదే 16 గంటలు పెట్టారు, కానీ పైన గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి కాబట్టి డాలస్ నుంచి దుబాయ్ వచ్చేటప్పుడు సాధారణంగా గంటకు పైగా తగ్గుతుంది.

మా అమ్మకి షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. ఖమ్మంలో డాక్టర్ గారు ఏ టైముకి ఎంత డోసు, ఎప్పుడు తినాలి అని కాగితం రాసిచ్చింది నాన్న తీసుకెళ్లిన మీ పేజీ ప్రింటు చూసే. టికెట్ చూస్తే తెలిసేది కదా అనకండి, అందులో తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4:30కి దిగినట్టు ఉంటుంది, అవి ఏ ఊరి టైము ఆ ఊరిది, వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుందని పెద్దవాళ్లకి ఎవరు చెప్పాలి? డాక్టర్ గారి కాగితంలో చివరి లైను "దిగాక భోజనం". ఆ టైముకి అమ్మ ఇంకా గాల్లోనే ఉంది, దిగడానికి ఏడు గంటలుంది. షుగర్ పడిపోయి, చీరంతా చెమటతో తడిసి, చేతులు వణుకుతుంటే విమానంలో సిబ్బంది జ్యూస్ తాగించి పక్కనే కూర్చున్నారు. వాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఫోన్ చేస్తే మీవాళ్లు "అది అంచనా మాత్రమే మేడమ్" అన్నారు. అంచనా అయితే ఆ మాట అంకె పక్కనే రాయాలి. "ప్రయాణ సమయం" అన్నది తీసేసి, నేరుగా ఫ్లైట్ లేదని ముందే చెప్పి, మీరు అమ్మే టికెట్లలో ఒక్కోదానికి వెయిటింగ్‌తో కలిపి ఎన్ని గంటలో చూపించండి. దిగే టైము పక్కన ఇండియా టైము కూడా వేయండి.

అమ్మావాళ్లు సెప్టెంబర్‌లో తిరిగి వెళ్తున్నారు. ఆలోపు రెండు పేజీలూ సరిచేసి, ఏం మార్చారో నాకు మెయిల్‌లో రాయండి. ఫోన్‌లో చెప్పే సారీ నాకు వద్దు.

ఇట్లు,
మీ కస్టమర్
ఇర్వింగ్, టెక్సాస్