మన మంగళవారం దెయ్యం పట్టుబడింది

ప్రియమైన శ్రీధర్‌కు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పాప ఎనిమిదో తరగతికి వచ్చింది, మేము ఇల్లు మారలేదు. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను, ఎందుకంటే నీకు చెప్పేదాకా నాకు ఊపిరి ఆడని సంగతి ఒకటుంది: మన మంగళవారం దెయ్యం పట్టుబడింది!

గుర్తుందిగా, పాత ఆఫీసులో మంగళవారాల్లో మనల్ని వేధించిన లోపానికి మనం పెట్టిన పేరు అది. అడ్మిన్ పేజీ తెరిచినప్పుడు ఒకసారి అడ్మిన్ రిపోర్టు సరిగ్గా వచ్చేది, మరోసారి దాని స్థానంలో మామూలు వాడుకరుల రిపోర్టు వచ్చేది. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడితే మాయమయ్యేది. మన కంప్యూటర్లలో ఇంత గోల చేసినది ప్రొడక్షన్‌లో, అంటే వాడుకరులు నిజంగా వాడే సర్వర్‌లో, ఏనాడూ కనిపించలేదు. ఈ మధ్య అలాంటి పాత రెయిల్స్ (రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ ఒకదాన్ని కొత్త వెర్షన్‌కు మార్చే పని నాకు అప్పగించారు. అందుకోసం క్లాసులు, అంటే ఒక్కో ఫైలులో పేరు పెట్టి రాసుకునే కోడ్ భాగాలు, ఎలా లోడ్ అవుతాయో మొదటి నుంచి చదువుతూ ఉంటే, ఒకచోట మన దెయ్యం ఊరూ పేరూ సహా కనిపించింది.

రెయిల్స్‌లో మనం ఫైళ్లను పేరుపేరునా పిలవము కదా. క్లాసు పేరు రాస్తే చాలు, ఫైలు దానంతట అదే వస్తుంది. అలా ఫైళ్లను తెచ్చే పాత లోడర్ ఇందుకు రూబీలోని కాన్స్ట్ మిస్సింగ్ అనే మెథడ్ మీద ఆధారపడేది. రూబీ తనకు తెలిసిన చోట్లన్నీ వెతికి, పేరు ఎక్కడా దొరకకపోతేనే దాన్ని పిలుస్తుంది. మనకు రిపోర్ట్ అనే క్లాసు ఒకటి పైస్థాయిలోనూ, అదే పేరుతో మరొకటి అడ్మిన్ మాడ్యూల్ (క్లాసులను ఒక పేరు కింద చేర్చి ఉంచే గూడు) లోపలా ఉండేవి. పైస్థాయిది అప్పటికే మెమరీలోకి వచ్చి ఉంటే రూబీకి అదే దొరుకుతుంది, వెతుకులాట అక్కడితో ముగుస్తుంది, అడ్మిన్ ఫోల్డర్‌లోని ఫైలును తెరవవలసిన అవసరమే రాదు. పోనీ కాన్స్ట్ మిస్సింగ్ దాకా వచ్చినా, ఆ పేరు ఏయే మాడ్యూళ్ల లోపల రాసి ఉందో రూబీ దానికి చెప్పదు కనుక లోడర్ ఊహించుకోవలసిందే.

మంగళవారమే ఎందుకో ఇప్పుడు ఆలోచించు. ఆ రోజు డెమో ఉండేది, నువ్వు నీ మెషీన్‌లో హోమ్ పేజీతో మొదలుపెట్టేవాడివి, హోమ్ పేజీ పైస్థాయి రిపోర్ట్‌ను లోడ్ చేసేది. మిగతా రోజుల్లో మనం నేరుగా అడ్మిన్ పేజీకే వెళ్లేవాళ్లం. ప్రొడక్షన్‌లో క్లాసులన్నీ సర్వర్ మొదలయ్యేటప్పుడే లోడ్ అవుతాయి కాబట్టి అక్కడ ఈ ముందువెనుకల తేడాకు చోటే లేదు. ఇది అర్థమైన క్షణంలో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, శ్రీధర్!

ఆ వెంటనే మనసు చివుక్కుమంది. అడ్మిన్ కోడ్‌లో చివరి మార్పు చేసినది కొత్తగా చేరిన ఆ కుర్రవాడు కనుక మాటలన్నీ అతనే పడ్డాడు. అతను రాసిన ప్రతి వరుసా సరైనదే. అతని చిరునామా నీ దగ్గర ఉంటే తప్పక పంపు, నేను స్వయంగా రాయాలి.

జేవియర్ నోరియా రాసిన జైట్‌వర్క్ లోడర్ 2019లో రెయిల్స్ 6.0తో వచ్చింది, 2021లో 7.0 వచ్చేసరికి పాత లోడర్‌ను పూర్తిగా తీసేశారు. జైట్‌వర్క్ పనితీరు పెళ్లివారు దిగకముందే విడిది గదుల తలుపుల మీద పేర్లు అంటించి ఉంచడం లాంటిది. ఫోల్డర్లను ముందే చూసి, ఏ పేరు ఏ ఫైలులో ఉందో రూబీ సొంత ఆటోలోడ్ సౌకర్యం ద్వారా రూబీకే చెప్పి ఉంచుతుంది. అడ్మిన్ మాడ్యూల్ లోపల రాసిన కోడ్‌కు అడ్మిన్ రిపోర్టే దొరుకుతుంది, ముందు ఏ పేజీ తెరిచినా సరే. మనం భయంతో ఫైళ్ల పైన పేర్చిన, కావలసిన ఫైలును ముందే లోడ్ చేయించే రిక్వైర్ డిపెండెన్సీ వరుసలన్నీ తీసి పారేశాను.

మరో విశేషం ఉంది. పాత లోడర్ క్లాసు పేరు నుంచి ఫైలు పేరును తయారు చేసుకునేది, కొత్తది ఫైలు పేరు నుంచి క్లాసు పేరును తయారు చేస్తుంది. ఫైలు పేరులో హెచ్‌టీఎంఎల్ చిన్న అక్షరాలలో ఉంటే, క్లాసు పేరులో మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా ఉండాలని అది ఆశిస్తుంది; మనం నాలుగూ పెద్దవే రాసే అలవాటున్నవాళ్లం. ఆ సంక్షిప్తనామాన్ని, పేర్లను మార్చే నియమాలు ఉండే ఇన్‌ఫ్లెక్షన్ల ఫైలులో ఒకసారి నమోదు చేస్తే సరిపోతుంది. ఇలాంటి పొరపాట్లను పట్టుకోవడానికి జైట్‌వర్క్ చెక్ అనే కమాండ్ కూడా ఇచ్చారు.

ఇదంతా తెలిశాక, అనేక పేజీలలో వాడే బటన్లు, పట్టికలు, ఫారాల కోసం యాప్ ఫోల్డర్ కింద కాంపోనెంట్స్ అనే ఫోల్డర్ పెట్టాను. యాప్ కింద కొత్త ఫోల్డర్ పెడితే ఒకసారి సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి, అంతకుమించి ఏ కాన్ఫిగరేషనూ అక్కర్లేదు. ఉమ్మడి కోడ్ కోసం ఉన్న కన్సర్న్స్ ఫోల్డర్‌లో కనిపించినదల్లా కుక్కడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. రెండు మోడళ్లు (డేటాను చూసుకునే క్లాసులు) నిజంగా పంచుకునేదే అక్కడ ఉండాలి. నువ్వు దీన్ని ఒప్పుకోవని తెలుసు, సుబ్బమ్మగారి మెస్‌లో జరిగిన వాదన నేను మరచిపోలేదు.

యాప్ ఫోల్డర్ బయట ఉండే లిబ్ ఫోల్డర్ సంగతి కూడా రాయాలి. 2023లో వచ్చిన రెయిల్స్ 7.1లో దానికోసం ఆటోలోడ్ లిబ్ అనే ఒక్క వరుస చేర్చారు, అయితే అందులో అసెట్స్, టాస్క్స్ ఫోల్డర్లను మినహాయించాలి, ఎందుకంటే... పాపను ట్యూషన్ నుంచి తీసుకురావలసిన వేళ దాటిపోయింది, మళ్లీ రాస్తాను. ఆ చిరునామా పంపు.

నీ
మురళి