లేఅవుట్ పచ్చిక నిలిచింది, చెయ్యి వేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

తిరుపతిలో మా లేఅవుట్ పచ్చిక బయలు ప్లాట్లుగా చీలిపోకుండా నిలిచింది. సాయపడిన ప్రతి ఒక్కరికీ కాలనీ తరఫున నమస్కారాలు.

మొదట వకీలు గారికి. ప్లానులో పార్కు అని గీసి ఉన్నంత మాత్రాన చాలదు, స్థలం రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో నగరపాలక సంస్థకు చేరిందా లేదా చూడమన్నది ఆయనే. పాత లేఅవుట్లకు గండి పడేది ఇక్కడే. డీడ్ లేకపోతే కాగితాల్లో పాత యజమాని పేరే ఉండిపోతుంది, ఎప్పుడో వారసులు అమ్మకానికి పెడతారు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పును అర్జీకి జతచేసిందీ ఆయనే.

స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తీయించి వెతికిన డాక్యుమెంట్ రైటర్ గారి ఓపికకు దండం పెట్టాలి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను నకలు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే వస్తుంది, గడువు 30 రోజులు. ఆ తర్వాత సర్వే నంబరును రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో చేర్చమని అడగాలి. అది చేరితేనే రిజిస్ట్రేషన్ ఆగుతుంది.

సర్వేయర్ గారు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పట్టుకుని హద్దులు తేల్చారు. హద్దు రాయి సగానికి పైగా భూమిలో ఉండాలని పట్టుబట్టారు, పైపైన పాతితే జేసీబీ ఒక్క తోపుకే లేచిపోతుంది.

వృక్షశాస్త్రం విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వయ్యారిభామ కలుపు మొక్కను పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతితొడుగులతో వేళ్లతో సహా పీకారు. పూత వచ్చాక పీకితే విత్తనాలు అక్కడే రాలతాయి. సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే మళ్లీ చిగురిస్తుంది, అందుకే మొదలు కింద తవ్వి వేరుతో తీశారు. చదును చేసి టైల్స్ వేద్దామన్నవాళ్లను ఒప్పించిందీ వీళ్లే. 2021 నవంబరు వరదలు చూసిన ఊళ్లో నీళ్లు ఇంకే నేలను కప్పేయడం మంచిది కాదు.

పశువుల కాపరులకూ రుణపడి ఉన్నాం. గరిక, మిగతా గడ్డి గింజ రాలేదాకా మేతకు తోలకుండా ఆగారు. తీతువు పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుంది కాబట్టి వేసవిలో కోత వద్దన్న మాటకూ సరేనన్నారు. గడ్డి కోసేటప్పుడు నాలుగంగుళాల మోడు వదలండి, దుబ్బు చావదు.