స్కిన్ క్యాన్సర్, విటమిన్ మాత్రలు: ఆ ఫార్వర్డ్ గురించి

ఫ్రెండ్స్, రోజూ విటమిన్లు వేసుకుంటే స్కిన్ క్యాన్సర్ రాదని నిన్న గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ తిరిగింది కదా, అది పూర్తి నిజం కాదు. కాస్త గట్టి ఆధారం ఉన్నది బి3కి, అందులోనూ నికోటినమైడ్ అనే రకానికే. 2015లో ఆస్ట్రేలియా వాళ్ల ట్రయల్ ఒకటి వచ్చింది, 386 మంది, అందరూ అంతకుముందు 5 ఏళ్లలో కనీసం రెండు స్కిన్ క్యాన్సర్లు (మెలనోమా అనే ప్రమాదకరమైన రకం కానివి) వచ్చినవాళ్లే, రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఏడాదిపాటు ఇస్తే కొత్తవి రావడం 23 శాతం తగ్గింది, మాత్ర ఆపేశాక మాత్రం ఆ లాభం పోయింది. ఎండలోని యూవీ వల్ల దెబ్బతిన్న డీఎన్ఏని రిపేర్ చేసుకోడానికి కణానికి శక్తి కావాలి, అది తగ్గిపోకుండా ఇది చూస్తుందట.

అంటే ఎప్పుడూ క్యాన్సర్ రానివాళ్లకి ఇది పనిచేస్తుందని ఆ ట్రయల్ చెప్పలేదు, ఫార్వర్డ్‌లో ఆ ముక్కే ఎగిరిపోయింది 🙂

ఇంకోటి, సీసా మీద నియాసిన్ అని ఉంటే అది వేరే, వేసుకున్న కాసేపటికి మొహం ఎర్రబడి భగభగమంటుంది. నియాసినమైడ్ అని ఉంటే నికోటినమైడే, పేర్లతో చంపుతారు వీళ్లు.

బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) మాత్రలు అసలొద్దు, చర్మానికి లాభం కనపడలేదు సరికదా సిగరెట్ తాగేవాళ్లలో లంగ్ క్యాన్సర్ పెరిగింది. విటమిన్ డి కోసమని మధ్యాహ్నం ఎండలో గంటలు గంటలు కూర్చోకండి, సన్‌స్క్రీన్ మానకండి. ఇదివరకు స్కిన్ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే బి3 సంగతి మీ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.