పదేళ్ళ పిల్లలకి తెలుగులో బొమ్మల నవల ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి ఐదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఈ సెలవుల్లో ఎవరో ఇస్తే ఒక ఇంగ్లిష్ ఫాంటసీ నవల చదివింది. రాసింది మన దేశం వాళ్ళే, అందులో పిల్లలు కూడా మన పిల్లల్లాగే ఉంటారు, మూడు నాలుగు పేజీలకో బొమ్మ ఉంటుంది. నాలుగు రోజుల్లో పూర్తిచేసి, "నాన్నా, ఇలాంటిది తెలుగులో కొను" అంది.

విశాఖలో మూడు షాపులు తిరిగాం. చిన్నపిల్లలకి రంగుల బొమ్మల పుస్తకాలున్నాయి, పెద్దవాళ్ళకి నవలలున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి ఏదైనా ఇవ్వండంటే మూడు చోట్లా రెండేసి పేజీల నీతికథలే తీసిచ్చారు. "మొదలైందనుకునేలోపే అయిపోతోంది నాన్నా" అని పక్కన పెట్టేసింది.

మనకి ఇది కొత్తేమీ కాదు కదా. 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు నెలనెలా రాసిన సీరియల్స్‌కి చిత్రా గారు బొమ్మలు వేసేవారు, వచ్చే నెల సంచిక కోసం ఇళ్ళలో కొట్టుకునేవాళ్ళమని మా నాన్నగారు ఇప్పటికీ చెప్తారు. ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు మన శ్రీకాకుళంలో పుట్టినవారే.

ఈ వయసు పిల్లల నవలలో బొమ్మ అలంకారం కాదండి. మా అమ్మాయి తెలుగు చదవగలదు కానీ నెమ్మదిగా, ఒత్తులు వరసగా వస్తే ఆగిపోతుంది. పేజీ నిండా చిన్న అక్షరాలు కిక్కిరిసి ఉంటే పుస్తకం మూసేస్తుంది. అదే కాస్త పెద్ద అక్షరాలు, మధ్యలో ఒక బొమ్మ ఉంటే అక్కడిదాకా లాక్కొస్తుంది, అక్కడ ఊపిరి తీసుకుని మళ్ళీ ముందుకెళ్తుంది. "బురుజు" అంటే ఏంటో తనకి తెలీదు, కోట గోడ మీద కాపలావాడు నిలబడ్డ బొమ్మ ఒక్కటి చూపిస్తే నేను అర్థం చెప్పక్కర్లేదు.

కథకి చోటు వెతుక్కోవాలా మనం? భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్య సందుల్లోకి దిగితే పెద్దవాళ్ళమే దారి తప్పుతాం. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల కాలంలో రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి, అందులో ఏదో ఒకటి పాతాళానికి దారి అనుకోడానికి పదేళ్ళ పిల్లకి ఎంతసేపు పడుతుంది? పాత్రలు "ఏటి, ఎక్కడికెళ్తన్నావు" అని మన మాట మాట్లాడితే ఇంకా ఇష్టంగా చదువుతారు.

అందుకే అడుగుతున్నాను, మీ ఆదివారం పుస్తకంలో పిల్లల పేజీ ఉంది కదా, అందులో ఒక ఏడాది పాటు ఒకే ఫాంటసీ కథ వారంవారం వెయ్యండి, ప్రతి వారం అరపేజీ బొమ్మతో. తర్వాత దాన్నే నవలగా అచ్చెయ్యొచ్చు. బొమ్మలకి దూరం వెళ్ళక్కర్లేదు, ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడ చదువుకునే పిల్లల్ని అడగండి, సరైన డబ్బులివ్వండి. చందమామ సీరియల్స్ మీద దాసరి గారి పేరు ఉండేది కాదు, అది నాకెప్పుడూ బాధగానే ఉంటుంది. ఈసారి మాత్రం రాసినవాళ్ళ పేరు, బొమ్మ వేసినవాళ్ళ పేరు రెండూ పక్కపక్కన వెయ్యండి.

– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం