క్వార్ట్జ్ గట్లు ఆపేశాం: ఎందుకో, బదులు ఏం వేయించుకోవచ్చో

మా దగ్గర వంటగట్టు వేయించుకున్నవాళ్లకీ, కొత్తగా వేయించుకుందామని అడుగుతున్నవాళ్లకీ ఒక విషయం సూటిగా చెప్పేస్తున్నాను. ఇంజనీర్డ్ క్వార్ట్జ్ స్లాబులు ఇక మేం తెప్పించడం లేదు. ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్న ఆర్డర్లు పూర్తిచేసి ఇస్తాం, కొత్తవి మాత్రం ఒప్పుకోం. గిట్టుబాటు కాక ఆపామనుకోకండి. నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలేది అందులోనే. తెల్లగా, మచ్చా మరకా లేకుండా, ఏ స్లాబు చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి అమ్మడమూ తేలికే.

కారణం దుమ్ము.

క్వార్ట్జ్ పేరుతో అమ్మేది గనిలోంచి పలకగా తీసిన రాయి కాదు. రాతిని పొడిచేసి, రెజిన్ (జిగురులా పట్టి ఉంచే ప్లాస్టిక్ పదార్థం) కలిపి, అచ్చులో అదిమి, వేడిపెట్టి గట్టిపరుస్తారు. మామూలు రకాల్లో బరువులో 90 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి, స్ఫటిక సిలికాయే (ఇసుకలో ఉండే ఖనిజమే) ఉంటుంది. గ్రానైట్‌లో అది సాధారణంగా సగంలోపే. పాలరాతిలో మరీ స్వల్పం. బ్లేడు పెట్టి కోసినప్పుడు పైకి లేచే తెల్లటి పొగ మనకు కనిపిస్తుంది, తుడిచేస్తాం. అసలు ప్రమాదం కనిపించే ఆ పొగ కాదు. కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి అక్కడే ఉండిపోతాయి. వాటి వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. సిలికా దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. గనుల్లో పనిచేసేవాళ్లకు ఈ జబ్బు చాలావరకు దశాబ్దాల తర్వాత బయటపడేది. క్వార్ట్జ్ కోసేవాళ్లలో పదేళ్లలోపే, చిన్న వయసులోనే కనిపిస్తోంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజనీర్డ్ స్టోన్ (ఈ క్వార్ట్జ్ లాంటి తయారుచేసిన రాయి) తయారీ, అమ్మకం, బిగింపు నిషేధించింది. మన రాళ్లు కోసేది కూడా మనుషులే కదా.

మీ ఇంట్లో ఇప్పటికే క్వార్ట్జ్ గట్టు ఉంటే భయపడకండి. బిగించిన రాయి దానంతటది దుమ్ము వదలదు. దానిమీద వండుకోవచ్చు, తుడుచుకోవచ్చు, పిల్లలు ఎక్కి కూర్చోవచ్చు. ఒక్కచోట జాగ్రత్త పడండి. రేపెప్పుడో కొత్త కుళాయి కోసం రంధ్రం వేయించాలన్నా, పెద్ద సింకు కోసం కటౌట్ (గట్టులో కోసిన ఖాళీ) పెంచాలన్నా, వచ్చినతన్ని ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. నీళ్లు పోస్తూ, దుమ్ము లాగే మిషన్ పెట్టుకుని, సరైన మాస్కు వేసుకుని చేసేవాళ్లకే ఆ పని ఇవ్వండి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు. మేం వేసిన గట్టయితే మాకే చెప్పండి, వచ్చి చేసిపెడతాం.

సిలికా తగ్గించిన కొత్తరకం స్లాబులు వస్తున్నాయి కదా అని కొందరు అడిగారు. నిజమే, రీసైకిల్ చేసిన గాజు వంటివి కలిపి చేస్తున్నారు. వాటిని ఇంకా తీసుకోలేదు. సిలికా తగ్గినా రెజిన్ దుమ్ము అక్కడే ఉంటుంది. అందులో ఏముందో తయారీదారు రాతపూర్వకంగా చెప్పేదాకా మా షెడ్డులోకి రానివ్వను.

సరే, మరి ఏం వేయించుకోవాలి? నన్నడిగితే ఎక్కువమందికి గ్రానైటే. పాతబడిన మాటలా ఉంటుందని తెలుసు. కానీ పొయ్యి మీంచి దించిన గిన్నెను అది తట్టుకుంటుంది. క్వార్ట్జ్‌లోని రెజిన్ 150 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఖాళీగా కాలిన బాణలి అంతకంటే ఎంతో వేడెక్కుతుంది. క్వార్ట్జ్ గట్ల మీద పసుపుపచ్చ గుండ్రటి మచ్చలు చాలావరకు అలా పడ్డవే. గ్రానైట్ కూడా ఒకేచోట అదేపనిగా వేడీ చల్లా తగిలితే పగలొచ్చు, అందుకే కింద ఒక స్టాండు పెట్టుకోమనే చెబుతాను.

గ్రానైట్ ఎంచుకునేటప్పుడు రంగు తర్వాత చూడండి, ముందు నీళ్లు పోసి చూడండి. స్లాబు మీద నాలుగు చుక్కలు వదిలి పావుగంట ఆగండి. తుడిచాక కింద ముదురు మచ్చ కనిపిస్తే ఆ రాయి పీలుస్తుందన్నమాట. దానికి సీలర్ (రాయి పీల్చకుండా పూసే ద్రవం) తప్పనిసరి, మళ్లీ మళ్లీ వేయాలి. మచ్చ పడకపోతే సీలర్ వేసినా పెద్ద ఉపయోగం ఉండదు, ఊరికే డబ్బు దండగ. నల్లరాయి విషయంలో ఇంకో పరీక్ష ఉంది. అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవం) తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగేసిన రాయి, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఈ పరీక్ష మా స్లాబుల మీదా చేయండి, నేనేం అనుకోను. నల్ల గ్రానైట్ పేరుతో దొరికే వాటిలో చాలావరకు భూగర్భ శాస్త్రం లెక్కన గ్రానైటే కాదు, గాబ్రో, డోలరైట్ లాంటివి. అయినా వంటింటికి దిట్టమైన రాళ్లే, పీల్చడమూ తక్కువే.

పాలరాయి వద్దనను, కానీ చెప్పకుండా అమ్మను. అది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్ ఏది పడినా ఆమ్లం రాతినే తింటుంది. అది మరక కాదు కాబట్టి ఎంత తోమినా పోదు, మెరుపు పోయిన చోటు అలాగే కనిపిస్తుంది. సీలర్ దీన్ని ఆపలేదు, అది రంగు ఇంకకుండా మాత్రమే చూస్తుంది. గట్టు వాడిన గుర్తులు పడితే పడనీ అనుకునేవాళ్లు నిశ్చింతగా వేయించుకోవచ్చు. రోజూ కొత్తగా కనబడాలనుకునేవాళ్లు దూరంగా ఉండండి. పాలరాతి చారలు కావాలి, గట్టిదనమూ కావాలంటే క్వార్ట్‌జైట్ ఉంది. ఇది క్వార్ట్జ్ కాదు, సహజంగా దొరికే రాయి. ఇందులోనూ సిలికా చాలా ఎక్కువ. అందుకే కొద్ది ఆర్డర్లే, అదీ తడికోతతోనే చేస్తాం. ఈ పేరుతో డోలమైట్ పాలరాయి అంటగట్టేవాళ్లున్నారు. ముక్క అంచుతో గాజు మీద గీయండి. క్వార్ట్‌జైట్ గాజును గీకుతుంది, పాలరాయి గీకలేదు.

సింటర్డ్ స్లాబు, అంటే బట్టీలో 1,200 డిగ్రీల దగ్గర కాల్చిన పలక, వేడికీ ఎండకూ తట్టుకుంటుంది. మరకా పట్టదు. బలహీనతంతా అంచుల్లోనే. భారీ గిన్నె తగిలితే పెచ్చు లేస్తుంది. చాలా రకాల్లో డిజైన్ పైపొరలోనే ఉంటుంది కాబట్టి ఆ పెచ్చు లేచిన చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యాక్రిలిక్ సాలిడ్ సర్ఫేస్, అంటే ప్లాస్టిక్ కలిపి చేసిన పలక, దీనికి పూర్తి వ్యతిరేకం: జాయింట్ కనిపించదు, గీత పడితే రుద్ది సరిచేయొచ్చు, వేడి గిన్నె పెడితే మాత్రం పాడైపోతుంది. స్టీలు, చెక్క గట్లు మేం చేయం.

ఇప్పుడు ఫినిషింగ్. అద్దంలా మెరిసే పాలిష్ తుడవడానికి సులువు, కానీ ముదురు రంగులో ప్రతి చుక్కా, ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది. మెరుపు లేని హోన్డ్ ఫినిష్ ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. నల్లరాతి మీద మాత్రం నూనె చేతులు పడితే నా వల్ల కాదు బాబోయ్ అంటారు. చేత్తో తడిమితే చిన్న చిన్న మిట్టపల్లాలు తగిలే లెదర్ ఫినిష్ మరకల్ని దాచేస్తుంది. నల్లరాయి తీసుకునేవాళ్లకు నేను దాన్నే సూచిస్తాను. పిండి కలిపేది గట్టు మీదే అయితే ఆ ఒక్కచోటా పాలిష్ ఉంచుకోండి.

కప్‌బోర్డుల రంగు, గట్టు రంగు షోరూమ్ దీపాల కింద ఖాయం చేసుకోకండి. ముక్క ఇస్తాం, ఇంటికి తీసుకెళ్లి పొద్దునోసారి, రాత్రి లైటు వేశాకోసారి చూడండి. పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ బల్బు కింద బూడిదరంగు ఒకలా, తెల్లటి 4000 కెల్విన్ కింద మరోలా కనిపిస్తుంది. సహజ రాయి అయితే ముక్క కూడా చాలదు, అసలు స్లాబునే చూడాలి. మీరు ఎంచుకున్న స్లాబు మీద మీ పేరు రాసి పక్కన పెడతాం, మరొకటి వేయం.

దుమ్ము విషయంలో మేం తీసుకున్న జాగ్రత్త వల్ల మీకు కలిగే ఇబ్బంది కూడా చెప్పాలి. ఇకనుంచి కొత్తగా వేసే ఏ రాయైనా షెడ్డులోనే, నీళ్లతోనే కోస్తాం. ఇంటికొచ్చాక ఓ అంగుళం తేడా ఉంటే అక్కడే గ్రైండర్ పెట్టి సర్దేయడం ఉండదు. అందుకే కొలతలు కప్‌బోర్డులు బిగించి, లెవెల్ సరిచూశాకే తీసుకుంటాం. సింకు, పొయ్యి, కుళాయి కొలతల కోసం మీ చేతికొచ్చి ఉండాలి. కేటలాగులోని కొలతలతో కటౌట్ వేయం. కటౌట్ లోపలి మూలలు లంబకోణంలో కాకుండా కొద్దిగా గుండ్రంగా ఉంటాయి, ఎందుకంటే పగుళ్లు మొదలయ్యేది పదును మూలల్లోనే. జాయింట్ సింకు మీదుగా వెళ్లకుండా చూస్తాం, ఎక్కడ వస్తుందో కోసే ముందే గీసి చూపించి మీ సంతకం తీసుకుంటాం.

కొలతలకూ బిగింపుకూ మధ్య కొన్ని రోజులు గట్టు లేకుండా గడపాల్సి వస్తుంది. గృహప్రవేశం తేదీ పెట్టుకున్నవాళ్లు ఆ రోజులు ముందే లెక్కలో వేసుకోండి. తేదీ దగ్గరపడ్డాక ఇంట్లోనే కోసి వేసేయమంటే ఎంత దగ్గరివాళ్లకైనా కుదరదనే చెబుతాం. ఇదివరకు మేం వేసిన క్వార్ట్జ్ గట్లకు ఇచ్చిన వారంటీ యథాతథంగా ఉంటుంది. జాయింట్ విడినా, అంచు పెచ్చు లేచినా పాత రసీదు చూపిస్తే చాలు.