మంత్రి గారూ, ఆ సింటరింగ్ మిషన్ ఎప్పుడు బాగవుతుంది?

గౌరవనీయులైన శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీకు రాయడం ఇది నాలుగోసారి. ముందు పెట్టుకున్న మూడు అర్జీలకు "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్క తప్ప ఏ జవాబూ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మా ల్యాబ్‌లో వేడి నుంచి కరెంటు పుట్టించే పదార్థాలు తయారు చేస్తాం. అందుకు పొడిని వేడి చేసి గట్టి బిళ్లగా నొక్కే స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ మిషన్ ఆగిపోయి 14 నెలలైంది. పాడైంది వాక్యూమ్ పంపు ఒక్కటే. మీ పథకంలో కొత్త మిషన్ కొనడానికి పద్దు ఉంది, ఉన్నదాన్ని బాగు చేయించడానికి మాత్రం లేదట. పొడిని పోసి నొక్కే గ్రాఫైట్ అచ్చులు, అంటే డైలు, అడిగినా అదే మాట. అవి వాడేకొద్దీ పగిలేవే సార్, ఏం చేయమంటారు?

ఆ మిషన్ లేక ఏం పోతోందో చెప్తాను. అలాంటి పదార్థమైన బిస్మత్ టెల్యురైడ్‌ని ఆర్గాన్ నింపి బిగించిన జాడీలో గట్టి గోళీలతో గంటల తరబడి బాల్ మిల్లు ఆడిస్తాం. రేణువులు నానో సైజుకు దిగుతాయి. రేణువుకీ రేణువుకీ మధ్య సరిహద్దుల దగ్గర వేడిని మోసే ఫోనాన్లు చెదిరిపోవాలి, కరెంటు మాత్రం అంతగా అడ్డుపడకుండా సాగిపోవాలి. మా తంటా అంతా దానికోసమే. తర్వాత ఆ పొడిని వేడి చేసి గట్టి బిళ్లగా నొక్కాలి. స్పార్క్ ప్లాస్మాలో కరెంటు నేరుగా డై గుండా పోతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది, రేణువులు పెరిగే టైమే ఉండదు. ఇప్పుడు మాకు దిక్కైన పాత హాట్ ప్రెస్ బయటి కొలిమితో మెల్లగా వేడెక్కి, అంతకన్నా మెల్లగా చల్లారుతుంది. పోయిన నెల మా విద్యార్థిని ఒక బిళ్లని విరిచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టింది. నానో రేణువులు ఉండాల్సిన చోట మైక్రాన్ల సైజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించాయి. ఆ అమ్మాయి మాట్లాడకుండా స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంది. వారం రోజుల మిల్లింగ్ ఆ ఒక్క రాత్రితో పోయింది.

వేరే సంస్థకు పంపుకోండి అన్నారు. పంపాం. మా వంతు వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. పొడి ఎంత సన్నగా ఉంటే ఆక్సిజన్ అంత తొందరగా పట్టేస్తుంది. తిరిగొచ్చిన బిళ్లల్లో సీబెక్ విలువ (ఒక డిగ్రీ వేడి తేడాకి ఎంత వోల్టేజీ పుడుతుందో చెప్పేది) ఒక దానికీ ఇంకో దానికీ పొంతన లేదు. మిల్లింగ్‌లో తేడా వచ్చిందా, ఆక్సైడ్ వల్లా, నొక్కిన పద్ధతి వల్లా? తేల్చుకునే దారి లేదు. ఆ టెన్షన్ మాకే తెలుసు.

ఇక కొత్త ప్రతిపాదన పెడితే "పాత పదార్థమే, కొత్తదనం లేదు" అని తిప్పి పంపారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. వేడిని కరెంటుగా ఎంత బాగా మారుస్తుందో చెప్పే అంకె జెడ్‌టీ; అది ఎంత ఎక్కువైతే అంత మేలు. దశాబ్దాల పాటు జెడ్‌టీ 1 దగ్గరే ఆగిపోయిన బిస్మత్ యాంటిమొనీ టెల్యురైడ్‌ని 2008లో బాల్ మిల్లు ఆడించి హాట్ ప్రెస్ చేస్తే, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.4 వచ్చింది. 2015లో అదే జాతి పదార్థంలో టెల్లూరియం ఎక్కువ కలిపి, మెల్ట్ స్పిన్నింగ్ చేసి (కరిగించి, తిరిగే చక్రం మీద పోసి చటుక్కున చల్లార్చి), సింటరింగ్‌లో కరిగిన టెల్లూరియం బయటికి పోయేలా నొక్కారు. 320 కెల్విన్ దగ్గర 1.86 దాకా వెళ్లింది. ఇలాంటిదే మరో పదార్థం టిన్ సెలినైడ్‌కి 2014లో ఒంటి స్ఫటికంలో 2.6 వచ్చినా, పొడి నుంచి చేసిన బిళ్లల్లో ఏళ్ల తరబడి అంత రాలేదు. రేణువుల మీద టిన్ ఆక్సైడ్ పొర అందుకు పెద్ద కారణం. దాన్ని వదిలించాక 2021లో ఆ బిళ్లల్లోనే సుమారు 3.1 చూపించారు. పదార్థం పాతదే కదా సార్. మారిందల్లా చేసే తీరు. పథకంలో మార్కులన్నీ కొత్త పేరున్న పదార్థానికే ఇస్తే, ఈ పని చేసేవాళ్లు ఎక్కడికి పోవాలి?

నా విన్నపం మళ్లీ అదే. పంపు బాగు చేయించండి. డైలకు, ఆర్గాన్‌కు, మరమ్మతులకు విడిగా పద్దు పెట్టండి. తయారీ పద్ధతి మీద చేసే పనిని కూడా పరిశోధనగానే లెక్కించండి. కనీసం పంపు సంగతైనా చూడండి.

మా విద్యార్థిని థీసిస్ గడువు ఇంకో అయిదు నెలలే. గ్లవ్ బాక్స్‌లో ఆరు సీసాల పొడి సిద్ధంగా ఉంది. మీ జవాబు వచ్చేదాకా వాటి మూత తీయొద్దని ఆ అమ్మాయికి చెప్పాను.

ఇట్లు,
ఒక పరిశోధకురాలు